బార్బేరియన్‌కి కవచం లేకుండా ఏసీ (ఆర్మర్ క్లాస్) పెంచాలంటే?

ప్రశ్న: డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రల ఆట) ఐదో ఎడిషన్, 2014 రూల్స్‌తో ఆడుతున్నాం. నాది 4వ లెవెల్ బార్బేరియన్ (ఆవేశంతో పోరాడే యోధుడి పాత్ర). డెక్స్‌టెరిటీ (చురుకుదనం, డెక్స్) 14, కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) 16, విజ్డమ్ (వివేకం) 14; వీటి బోనస్‌లు వరసగా 2, 3, 2. ఒంటి మీద కవచం వద్దు, ఒళ్లంతా పచ్చబొట్లే ఉండాలని నా కోరిక. కానీ ఏసీ, అంటే శత్రువు దెబ్బ తగలాలంటే పాచికతో చేరాల్సిన అంకె, 15 (10 + డెక్స్ 2 + కాన్‌స్టిట్యూషన్ 3) దగ్గరే ఆగిపోయింది. ఒక లెవెల్ మాంక్ (సన్యాసి యోధుడి క్లాస్, అంటే పాత్ర రకం) తీసుకుంటే విజ్డమ్ కూడా కలిసి 17 అవుతుందా అన్నా?

జవాబు: అవదు తమ్ముడూ. అన్‌ఆర్మర్డ్ డిఫెన్స్ (కవచం లేనప్పుడు ఏసీ లెక్కకట్టే ఈ వెసులుబాటు) ఒక క్లాస్‌లో వచ్చాక రెండో క్లాస్‌లో మళ్లీ రాదు. మీ జట్టులోని విజర్డ్ (మాంత్రికుడు) చేత మేజ్ ఆర్మర్ అనే రక్షణ మంత్రం వేయించుకున్నా లాభం లేదు. దాని లెక్క 13 ప్లస్ డెక్స్, అంటే నీకు అదే 15. రెండు లెక్కల్లో ఏదో ఒకటే వాడుకోవాలి.

డాలు మాత్రం పట్టుకోవచ్చు, బార్బేరియన్‌కి ఆ వెసులుబాటు ఉంది. 17 వస్తుంది. గ్రేట్‌యాక్స్ (రెండు చేతుల గొడ్డలి) వదలను అంటావా, అయితే బ్రేసర్స్ ఆఫ్ డిఫెన్స్ (మాయ ముంజేతి పట్టీలు) కోసం వెతుకు. అవీ ప్లస్ 2 ఇస్తాయి, కాకపోతే డాలుతో కలిపి పనిచేయవు. రింగ్ ఆఫ్ ప్రొటెక్షన్ ప్లస్ 1 మాత్రం ఎందులోనైనా కలుస్తుంది. ఈ రెండు మాయ వస్తువులకీ అట్యూన్‌మెంట్ (వస్తువుతో నీ పాత్రని ముడివేసుకోవడం) కావాలి, గుర్తుంచుకో.

మరో జవాబు: లెక్క ప్రకారమైతే హాఫ్ ప్లేట్ (లోహపు రేకుల కవచం) వేసుకుంటే ఇప్పుడే 17. కవచం, డాలు లేకుండా కాన్‌స్టిట్యూషన్ ఒక్కటే పెంచి నువ్వు అక్కడికి చేరాలంటే అది 20 అవ్వాలి. 4వ లెవెల్ ఇంప్రూవ్‌మెంట్ (ఈ అంకెలు పెంచుకునే అవకాశం) వాడేసి ఉంటే 12వ లెవెల్ దాకా ఆగాల్సిందే.

నీకు కావాల్సింది ఆ రూపమే కదా, మీ డీఎంని (ఆట నడిపించేవారిని) ఇలా అడిగి చూడు: అంకెలన్నీ హాఫ్ ప్లేట్‌వే, పేరు మాత్రం మంత్రాల పచ్చబొట్లు. 750 బంగారు నాణేలు పచ్చబొట్లు పొడిచే ముసలమ్మకి కట్టాలి. రోజూ పొద్దున్నే ఐదు నిమిషాలు రంగు దిద్దుకోవాలి, కవచం తొడగడానికి పట్టే సమయం కూడా అంతే. నిద్రపోతే రంగు చెదిరిపోతుంది, కాబట్టి రాత్రి దాడి జరిగితే నీ మామూలు 15తోనే కొట్లాడాలి. ఈ ఇబ్బందులు ఉంచితేనే మిగతా ఆటగాళ్లు గొడవ చేయరు.

అయినా రేజ్‌లో (బార్బేరియన్ ఆవేశంలో ఉన్నప్పుడు) మామూలు ఆయుధాల దెబ్బల వల్ల నష్టం సగమే. రెక్‌లెస్ అటాక్ (జాగ్రత్త వదిలేసి కొట్టడం) వాడితే శత్రువులకి ఎలాగూ అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకునే వీలు) ఇచ్చేస్తున్నావు. ఏసీ కోసం అంత టెన్షన్ ఎందుకు? కాన్‌స్టిట్యూషన్ పెంచుకో, హిట్ పాయింట్లూ (ప్రాణబలం) పెరుగుతాయి.

అడిగినవారు: డీఎం ఒప్పుకున్నారు! కానీ హాఫ్ ప్లేట్‌లాగే స్టెల్త్‌లో (కనపడకుండా, వినపడకుండా కదలడంలో) డిసడ్వాంటేజ్ (రెండు పాచికల్లో చిన్నది తీసుకోవడం) ఉండాల్సిందే అన్నారు. పచ్చబొట్లకి శబ్దం ఎక్కడిదండీ?

మరో జవాబు: శబ్దం ఉండదు, చీకట్లో మెరుస్తాయని చెప్పుకో. మీ రోగ్ (దొంగచాటుగా తిరిగే పాత్ర) పక్కన మాత్రం నిలబడకు.