బావ చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది, గ్లాసు వేరు పెట్టాలా?

తెనాలి_శ్రీను:
మా బావకు హెచ్‌ఐవీ అని రెండేళ్ళ కిందట తెలిసింది. అప్పటి నుంచి ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) సెంటర్ మందులు ఒక్క పూట మానలేదు, ఈమధ్య వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే) టెస్టులో వైరస్ కనపడలేదనే వచ్చింది, అక్కకు నెగెటివ్. ఇప్పుడు బ్రష్ చేసుకుంటుంటే ఆయన చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. అది చూసిన రోజు అమ్మ మా ఆవిడ నెయిల్ పాలిష్ తీసుకుని ఆయన స్టీలు గ్లాసు అడుగున ఎర్ర చుక్క పెట్టింది, విడిగా తోమి విడిగా బోర్లిస్తోంది. మొన్న పండక్కి మా చిన్నది ఆ గ్లాసుతో నీళ్ళు తాగబోతే చేతిలోంచి లాగేసింది. బావ కలిపిన అన్నం అలాగే వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. అమ్మ చేసింది తప్పని నేనంటున్నాను, జాగ్రత్తలో తప్పేముందని మా ఆవిడ అంటోంది. మీరేమంటారు?

రవి_కూకట్‌పల్లి:
మీ ఆవిడ మాటే కరెక్టు, కోపం తెచ్చుకోకండి. ఉమ్మిలో వైరస్ ఉంటుందని డాక్టర్లే చెబుతారు. అమెరికాలో 2012లోనే ఇంట్లో చిగుళ్ళ మీద పుల్లతో రాసి చూసుకునే హెచ్‌ఐవీ టెస్టుకు అనుమతి ఇచ్చారు, నోట్లో ఏమీ లేకపోతే అదెలా పనిచేస్తుంది? పైగా ఇక్కడ రక్తం కూడా ఉంది, ఇంట్లో చిన్నపిల్ల ఉంది.

పళ్ళ_డాక్టరమ్మ:
రవి గారూ, ఆ టెస్టు వెతికేది వైరస్‌ని కాదు, వైరస్ మీద మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. ఉమ్మిలో వైరస్ దొరకవచ్చు, కానీ చాలా కొంచెం. అక్కడ ఎస్‌ఎల్‌పీఐ అనే ప్రొటీన్ దాన్ని కణాల్లోకి దూరకుండా అడ్డుకుంటుంది. అదీకాక రక్తంతో పోలిస్తే ఉమ్మిలో ఉప్పు బాగా తక్కువ, వైరస్‌ను మోసే తెల్ల రక్తకణాలు అందులో పడితే నీళ్ళు పీల్చుకుని ఉబ్బి పగిలిపోతాయి. గ్లాసు వల్లా కంచం వల్లా హెచ్‌ఐవీ అంటదు శ్రీను గారూ, పాపను ఆ గ్లాసుతోనే తాగనివ్వండి.

రవి_కూకట్‌పల్లి:
మరి 1997లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు చెప్పిన కేసు? ముద్దు వల్లే ఒకావిడకు వచ్చిందన్నారుగా.

పళ్ళ_డాక్టరమ్మ:
ఆ కేసు ఉంది, కాదనను. ఆవిడ భాగస్వామికి హెచ్‌ఐవీతో పాటు చిగుళ్ళ జబ్బు, బ్రష్, ఫ్లాస్ చేశాక రక్తం వచ్చేది. వాళ్ళు తేల్చింది కూడా ఉమ్మి వల్ల కాదు, రక్తం తగలడం వల్ల కావచ్చనే. కాబట్టి చిగుళ్ళు బాగయ్యేదాకా, నోట్లో పుండ్లున్నా, గాఢమైన ముద్దులు ఆపడం మంచిది. టూత్‌బ్రష్ ఎవరిది వాళ్ళదే, అది హెచ్‌ఐవీ లేని ఇంట్లో కూడా అంతే. అయినా మందులు సరిగ్గా వాడి, వైరల్ లోడ్ కనపడనంతగా తగ్గి, అలాగే నిలబడితే సెక్స్ ద్వారా కూడా అంటదు, ఇక గ్లాసు సంగతి చెప్పాలా? ముందు ఆ చిగుళ్ళు చూపించండి, గార తీయిస్తే చాలామందికి రక్తం తగ్గిపోతుంది.

పాజిటివ్_అక్క:
చూపించండి అనడం తేలికే డాక్టరమ్మా. నేను పదకొండేళ్ళుగా మందుల మీద ఉన్నాను. నిజం చెప్పిన రోజున ఒక క్లినిక్‌లో మెషీన్ పాడైందన్నారు, నా తర్వాత టోకెన్ ఆయన్ని మాత్రం లోపలికి పిలిచారు. నోరు నొప్పితో బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆ కారణంతో వైద్యం కాదనకూడదు, 2018 సెప్టెంబరు నుంచి అది అమల్లో ఉంది. శ్రీనూ, బావను ఒంటరిగా పంపకు. ఎవరైనా కాదంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసి అడుగు.

రవి_కూకట్‌పల్లి:
అక్కా, అలా చేయడం దారుణం. గ్లాసు విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. రక్తం దగ్గర మాత్రం జాగ్రత్త ఉండాల్సిందే.

తెనాలి_శ్రీను:
ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు. ఎర్ర చుక్క ఇంకా ఉంది, కానీ రాత్రి ఆ గ్లాసును మిగతావాటితో కలిపే తోమింది. శనివారం బావను పళ్ళ డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్తున్నాను.