కాలేయంలో శోషరసం స్రవిస్తుందా, ఊరుతుందా?

ప్రశ్న: ‘కాలేయం పైత్యరసాన్ని, శోషరసాన్ని స్రవిస్తుంది’ అనే వాక్యం ఒక అనువాదంలో కనిపించింది. జీర్ణానికి తోడ్పడే పైత్యరసం (బైల్), కణాల నడుమ నుంచి ప్రత్యేక నాళాల ద్వారా తిరిగి రక్తంలోకి చేరే శోషరసం (లింఫ్), ఈ రెండు రసాలకూ ఒకే క్రియ పొసగుతుందా? వాటి మధ్య సంబంధమేమిటో తెలిసిన పెద్దలు వివరించగలరు.

సమాధానం: పొసగదండీ. స్రవించడమంటే కణం తాను సిద్ధం చేసిన పదార్థాన్ని వెలుపలికి పంపడం. పైత్యరసం విషయంలో జరిగేది అదే: కాలేయ కణాలు పైత్య లవణాలను, పసుపు రంగు పదార్థమైన బిలిరుబిన్‌ను శక్తి వెచ్చించి, తమ నడుమనున్న అతి సన్నని నాళికల్లోకి నెడతాయి, వాటి వెంట నీరు చేరుతుంది.

శోషరసానికి అటువంటి తయారీ లేదు. కాలేయంలోని రక్తకేశనాళికల గోడల నిండా సూక్ష్మరంధ్రాలుంటాయి, మిగతా చోట్ల ఆ గోడలకు దన్నుగా ఉండే ఆధారపొర ఇక్కడ దాదాపు ఉండదు. అందుచేత రక్తంలోని ప్లాస్మా తన ప్రోటీన్లను చాలావరకు వెంటబెట్టుకొని, గోడకూ కాలేయ కణాలకూ మధ్యనున్న ‘డిస్సే అవకాశం’ అనే సన్నని ఖాళీలోకి, ఇసుకలో తీసిన చెలమలోకి నీరు చేరినట్లు చేరి, అక్కడినుంచి శోషరస నాళాలను అందుకుంటుంది. కనుక ‘ఊరుతుంది’ అన్నదే దీనికి తగిన క్రియ అని నా దృఢాభిప్రాయం. ఈ ఊట స్వల్పమేమీ కాదు. శోషరసాన్ని రక్తంలోకి చేర్చే ప్రధాన నాళమైన థొరాసిక్ డక్ట్‌లో పారే శోషరసంలో సుమారు నాలుగో వంతు నుంచి సగం దాకా కాలేయం నుంచి వచ్చేదే. డెన్మార్క్ వైద్యుడు థామస్ బార్తొలిన్ 1653లో శోషరస నాళాలను వర్ణించినప్పుడు, కాలేయమే రక్తాన్ని తయారుచేస్తుందన్న తరతరాల నమ్మకానికి కాలం చెల్లిందని ప్రకటించాడు.

ప్రశ్న: అయితే ఈ రెండు రసాలు ఎక్కడా కలవవా?

సమాధానం: ఆరోగ్యంగా ఉన్నప్పుడు కలవవు. పైత్యనాళికల అంచుల వెంట కాలేయ కణాలు ఒకదానికొకటి బిగుతుగా అతుక్కొని ఉంటాయి. కానీ రెండింటి నడక మాత్రం చాలావరకు ఒకే దిక్కుకు: రక్తం కాలేయంలోని చిన్న చిన్న విభాగాలైన ఖండికల అంచు నుంచి మధ్యకు పోతుంటే, ఇవి దానికి ఎదురుగా అంచు వైపుకు వస్తాయి. పిత్తాశయపు రాయి జారి పైత్యనాళానికి అడ్డుపడితే లోపలి ఒత్తిడి పెరిగి, అతుకులు సడలి, పైత్యరసం శోషరసంలోకీ రక్తంలోకీ చేరుతుంది, కళ్లు పచ్చబడతాయి. దీనికి ‘స్రవించడం’, ‘ఊరడం’ రెండూ నప్పవు, ‘కారడం’ అనాలి.

సిర్రోసిస్‌లో మాత్రం ‘ఊట’ అనే మాటే అక్షరాలా వర్తిస్తుంది. కాలేయం గట్టిపడి లోపల రక్తపీడనం పెరగడంతో శోషరసం నాళాలు మోయగలిగినదానికి మించి పుట్టి, కాలేయపు ఉపరితలం నుంచే కడుపులోని అవయవాల చుట్టూ ఉండే ఖాళీలోకి ఊరుతుంది. అక్కడ నీరు నిలిచే జబ్బయిన జలోదరానికి అదీ ఒక కారణం.