హోస్ట్‌లోని ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్ ల్యాప్‌టాప్‌కి వస్తోంది, వీఎంలకే రావట్లేదు

మియాపూర్ ల్యాబ్:
అన్నలూ ఒక డౌట్. సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్ సర్వర్ తీసుకుని, ఉబుంటు వేసి కేవీఎం (లినక్స్‌లోని వర్చువలైజేషన్) మీద రెండు వీఎంలు, అంటే వర్చువల్ మెషీన్లు నడుపుతున్నా. పెద్ద డిస్క్ హోస్ట్‌లోనే, అంటే ఆ సర్వర్‌లోనే ఉంది, దాన్ని ఎన్‌ఎఫ్‌ఎస్‌తో (నెట్‌వర్క్ మీద ఫోల్డర్ పంచుకునే పద్ధతి) షేర్ చేశా. ల్యాప్‌టాప్ నుంచి టక్కున మౌంట్ అవుతోంది, వీఎంల నుంచి కొడితే మాత్రం కమాండ్ అలా ఆగిపోయి కూర్చుంటోంది, హోస్ట్‌కి పింగ్ కూడా పోవట్లేదు, కానీ అదే వీఎంలో ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వస్తోంది, పక్క వీఎం కూడా పలుకుతోంది. ఫైర్‌వాల్ మొత్తం ఆపేసి చూశా, అదే కథ.

కేపీహెచ్‌బీ అడ్మిన్:
వీఎంలకి మ్యాక్‌వీట్యాప్ (వీఎంని నేరుగా హోస్ట్ నెట్‌వర్క్ కార్డ్‌కి తగిలించే పద్ధతి) పెట్టారా? పింగే పోవట్లేదంటే ఎన్‌ఎఫ్‌ఎస్ జోలికి ఇప్పుడే పోకండి. మ్యాక్‌వీట్యాప్‌లో వీఎం ప్యాకెట్ నేరుగా నెట్‌వర్క్ కార్డ్‌లోంచి బయటికి వెళ్లిపోతుంది, హోస్ట్‌కి అందదు, మామూలు స్విచ్ ఏమో వచ్చిన పోర్ట్‌లోకే దాన్ని తిప్పి పంపదు. వర్ట్ మేనేజర్‌లో (వీఎంలు చూసుకునే టూల్) ఐసోలేటెడ్ నెట్‌వర్క్, అంటే హోస్ట్‌కీ వీఎంలకీ మధ్యే ఉండేది ఒకటి కొత్తగా చేసి, 10.10.10.0/24 అనుకోండి, రెండు వీఎంలకీ రెండో కార్డ్‌గా తగిలించండి, హోస్ట్ 10.10.10.1 అవుతుంది. షేర్ ఎవరికివ్వాలో రాసే ఎక్స్‌పోర్ట్స్ ఫైల్‌లో ఆ రేంజ్ కూడా రాయండి. ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ 4కి 2049 పోర్ట్ ఒక్కటి తెరిస్తే చాలు, ఆ ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చేయండి బాబూ.

మియాపూర్ ల్యాబ్:
అవును అన్నా, మ్యాక్‌వీట్యాపే. రెండో కార్డ్ పెట్టగానే మౌంట్ అయింది! కానీ వీఎంలో రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) ఉన్నా ఫైల్ రాయనివ్వట్లేదు, పర్మిషన్ డినైడ్ అంటోంది.

ఉప్పల్ భయ్యా:
నువ్వు వీఎంల రూట్ అయితే ఏంది, అవతల సర్వర్ నిన్ను నోబడీ అనే, ఏ హక్కుల్లేని యూజర్ లెక్కనే చూస్తది. రూట్ స్క్వాష్ అంటరు, డిఫాల్ట్‌గనే ఉంటది, రూట్ వస్తే యూఐడీ (యూజర్ నంబర్) 65534 చేసేస్తది. దాన్ని ఆపే నో రూట్ స్క్వాష్ పెట్టుమని సగం వీడియోలల్ల చెప్తరు, పెట్టకు, ఒక్క వీఎం పోయిందంటే డిస్క్ మొత్తం వాని చేతుల పడ్డట్టే. హోస్ట్‌లనూ వీఎంలల్లనూ ఒకే యూఐడీతో ఒక యూజర్‌ని చేసి ఫోల్డర్ ఆ యూజర్ పేరు మీద పెట్టు. పేరు ఒక్కటే ఉండుడు కాదు, నంబర్ కలవాలె. ఇంకోటి, ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైళ్లు అండ్ల పెట్టకు, లాకింగ్‌తోని లొల్లి అయితది. అసలు షేర్ వీఎంలకే కావాలంటే వర్ట్ఐఓఎఫ్‌ఎస్ (హోస్ట్ ఫోల్డర్‌ని వీఎంకి నేరుగా ఇచ్చేది) చూడు, లినక్స్ కెర్నల్ 5.4 నుంచి ఉన్నది, నెట్‌వర్క్ పంచాయితే లేదు, వీఎం సెట్టింగులల్ల షేర్డ్ మెమరీ ఆన్ చేసుడు మాత్రం మర్వకు.

మియాపూర్ ల్యాబ్:
యూఐడీ కలిపితే రాస్తోంది. ల్యాప్‌టాప్‌కి కూడా అదే షేర్ కావాలి కాబట్టి ఎన్‌ఎఫ్‌ఎస్‌తోనే ఉంటా. థాంక్స్ అన్నా, థాంక్స్ భయ్యా.