మనవరాలి ఫోటో తాతగారు ఫేస్‌బుక్‌లో పెట్టడం తప్పా?

రెండుజడలసీత: మా పాపకు ఆరేళ్ళు. స్నానం చేయించి తువ్వాలు చుట్టి కూర్చోబెడితే మా మామయ్యగారు ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టారు, అందరికీ కనబడేలా. తీసేయమన్నాను. రెండు రోజులుగా ఇంట్లో మాటల్లేవు. నాదే తప్పా?

సూరిబాబు_అమలాపురం: తప్పేనమ్మా. తాత కాకపోతే ఇంకెవరు పెట్టుకుంటారు? మా పిల్లల ఫోటోలు స్టూడియోలో తీయించి హాల్లో గోడకి తగిలించాం. వచ్చినవాళ్ళంతా చూశారు. ఏమైంది?

నల్లకోటు: మీ హాల్లోకి వచ్చేది తెలిసినవాళ్ళు బాబాయ్‌గారూ. 2024 జూలైలో ఒక తండ్రీకూతుళ్ళ వీడియో మీద లైవ్‌లో బూతులు వాగిన యూట్యూబర్‌ని తెలంగాణ పోలీసులు బెంగళూరులో పట్టుకున్నారు. ఆ పిల్ల ఏం చేసిందని?

సూరిబాబు_అమలాపురం: వాగినవాణ్ణి పట్టుకున్నారుగా. తాతనేం పట్టుకోలేదే!

కాఫీకప్పు: తువ్వాలు ఫోటో అయితే తీసేయడమే మంచిదండీ.

నల్లకోటు: 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండని పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. తప్పితే 200 కోట్ల వరకూ జరిమానా.

సూరిబాబు_అమలాపురం: నేనూ చదివాను బాబూ, రిటైరై ఖాళీగానే ఉన్నాను. సొంతానికి, ఇంటి అవసరానికి వాడుకుంటే వర్తించదని ఆ చట్టంలోనే ఉంది. తాత కంపెనీ కాదు.

నల్లకోటు: ఊరందరికీ కనబడేలా పెట్టాక ఇంటి అవసరం ఎలా అవుతుంది?

సూరిబాబు_అమలాపురం: పెద్దాయనకి ఆ సెట్టింగులు తెలిసి ఏడిస్తేగా!

నల్లకోటు: తెలియనప్పుడు పెట్టకూడదు.

పిచ్చుక: ఇంతకీ పాపని ఎవరైనా అడిగారా?

సూరిబాబు_అమలాపురం: ఆరేళ్ళ పిల్లనేం అడుగుతారు!

రెండుజడలసీత: సెట్టింగు సంగతి వదిలేయండి. ఆ ఫోటో కింద ముక్కూమొహం తెలియని ఒకాయన ‘చాలా ముద్దుగా ఉంది, ఏ బడి?’ అని అడిగాడు. మామయ్యగారు బడి పేరు, బస్సు దిగే టైముతో సహా జవాబిచ్చారు. కంచే చేను మేస్తే నేనెవరికి చెప్పుకోవాలి?

సూరిబాబు_అమలాపురం: పెంచిన చేతుల్ని ‘కంచే చేను మేసింది’ అంటావా? మీ తరానికి ముసలాళ్ళంటే దొంగల్లా కనబడుతున్నారు.

నల్లకోటు: మీకేదో సొంత బాధ ఉన్నట్టుంది. ఆవిడ మీద తీర్చుకోకండి.

సూరిబాబు_అమలాపురం: ఉంది. నా మనవరాలు డల్లాస్‌లో ఉంటుంది, నాలుగేళ్ళు. పోయిన సంక్రాంతికి వీడియో కాల్‌లో స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టాను. పట్టులంగా వేసింది, ఒక చెవికే జుంకా. అప్పట్నుంచి మావాడు ఒక్క ఫోటో పంపడు. కాల్ చేస్తే పాపని పక్కగదిలోకి పంపేస్తాడు. మీ చట్టంలో తాతకేమైనా ఉందా బాబూ?

కాఫీకప్పు: సీతగారూ, ఆ కామెంటు పెట్టినాయన సంగతేం చేశారు? పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి అడగండి.

రెండుజడలసీత: స్క్రీన్‌షాట్ తీసి ఉంచాను. ఇప్పుడు బస్సు దగ్గరికి నేనే వెళ్తున్నాను. సూరిబాబుగారూ, కోపంలో ఆ మాట అన్నాను, ఏమనుకోకండి. ఫోటోలు పంపమని మీ అబ్బాయిని అడగండి, స్టేటస్ పెట్టనని మాటివ్వండి. మామయ్యగారికీ ఇదే చెప్తాను. ఇంటికి వచ్చినవాళ్ళకి ఫోన్ తీసి చూపించుకోండి.

సూరిబాబు_అమలాపురం: ఇంటికి ఎవరొస్తున్నారమ్మా ఇప్పుడు.