చంటిపిల్లకి ఫోన్‌లో వీణ పెట్టొచ్చా, అమ్మే పాడాలా?

పటమట_అమ్మ:
మా పాపకి ఐదో నెల. రాత్రి పన్నెండు దాటినా కళ్లు మూయదు. మా ఆయన ఫోన్‌లో నీలాంబరి వీణ పెడితే మాత్రం కాసేపటికే నిద్రపోతోంది. "మిషను జోకొడితే పిల్లకి అమ్మ గొంతు ఏం తెలుస్తుంది" అంటున్నారు అత్తయ్య. మీ ఇళ్లల్లో ఏం చేస్తున్నారు?

సత్యనారాయణపురం_మాస్టారు:
రాగం బాగా ఎంచుకున్నారమ్మా. నీలాంబరి ధీరశంకరాభరణం నుంచి పుట్టిన రాగం, నెమ్మదిగా సాగుతుంది. త్యాగరాజస్వామి 'ఉయ్యాల లూగవయ్య' ఈ రాగంలోనే చేశారు. విజయవాడ రేడియోలో బాలమురళి గారి గొంతు వింటూ పెరిగిన ఊరు మనది, పసితనం నుంచే శాస్త్రీయం వినిపించాలి. తెలివి కూడా పెరుగుతుంది. విదేశాల్లో మొజార్ట్ అనే పాశ్చాత్య విద్వాంసుడి సంగీతంతో నిరూపించారు కదా.

బ్రాడీపేట_అక్క:
ఆ మొజార్ట్ పరిశోధనలో పసిపిల్ల ఒక్కరూ లేరు మాస్టారూ. 1993లో 'నేచర్' అనే సైన్సు పత్రికలో వచ్చింది, చేసింది కాలేజీ విద్యార్థుల మీద. మొజార్ట్ సొనాటా (వాద్య రచన) విన్నాక, కాగితం మడిచి కత్తిరిస్తే ఎలా ఉంటుందో ఊహించడం లాంటి ప్రశ్నలు కాస్త బాగా చేశారు. పది పదిహేను నిమిషాల్లో ఆ ప్రభావం పోయింది.

అసలు అడగాల్సింది ఫోన్ ఎక్కడ పెట్టారు, సౌండ్ ఎంత అని. పిల్లల్ని నిద్రపుచ్చడానికి చప్పుడు చేసే 14 మెషీన్లను పరీక్షించి 2014లో 'పీడియాట్రిక్స్' అనే వైద్య పత్రికలో రాశారు. 30 సెంటీమీటర్ల దూరంలో ఫుల్ సౌండ్ పెడితే అన్నీ 50 డెసిబెల్స్ దాటాయి. ఆసుపత్రి నర్సరీలకి పెట్టిన హద్దు అది. మూడైతే 85 కూడా దాటాయి. మా వీధిలో చీర ఉయ్యాల మడతలోనే ఫోన్ దూర్చేవాళ్లని చూశాను.

కృష్ణలంక:
మావాడికి ఫ్యాన్ చప్పుడు చాలు. కరెంటు పోతే లేస్తాడు.

సత్యనారాయణపురం_మాస్టారు:
ఫోన్ దూరంగానే పెట్టమనండి, వద్దన్నదెవరు? నేను చెప్పేది రాగం సంగతి. కచేరీ రికార్డు మొత్తం పెడితే మధ్యలో తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం వస్తుంది, మృదంగం దెబ్బకి పిల్ల ఉలిక్కిపడి లేస్తుంది. తాళం లేకుండా రాగం మాత్రమే సాగే ఆలాపన వరకే పెట్టాలి.

కొత్తపేట_గుంటూరు:
పిల్లలకి రాగం పేరుతో పనేముంది? మాంట్రియల్‌లో ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లలకి ఎప్పుడూ వినని టర్కీ పాటలు వినిపించారు. దాదాపు తొమ్మిది నిమిషాలు ఏడవకుండా ఉన్నారు. మాటలు వినిపిస్తే నాలుగు నిమిషాలు దాటగానే మొదలెట్టారు. 2015 నాటి సంగతి. అవి కూడా రికార్డు చేసిన పాటలే.

సత్యనారాయణపురం_మాస్టారు:
రికార్డు రికార్డే, తల్లి గొంతు తల్లి గొంతే. ఈ కాలం అమ్మలకి నాలుగు లాలిపాటలు నేర్చుకోవడం కూడా బరువైపోయిందా?

బ్రాడీపేట_అక్క:
మీ పిల్లలకి రాత్రి రెండింటికి పాడింది ఎవరు? మీరా, మీ ఇంట్లో ఆవిడా?

నాది ఆపరేషన్ కాన్పు. కుట్లు పచ్చిగా ఉండగానే మంచం పట్టె పట్టుకుని లేచేదాన్ని. కూర్చుంటే నొప్పి, వంగి ఉయ్యాల ఊపితే ఇంకా నొప్పి. గొంతు పోయి ఒక రాత్రి ఫోన్‌లో పాట పెట్టాను. తెల్లారేసరికి "బద్ధకం" అన్న మాట బంధువులందరికీ చేరింది. పక్క గదిలో తలుపేసుకుని పడుకున్న మనిషిని ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఇళ్లల్లో గొడవ వీణ గురించీ కాదు, నీలాంబరి గురించీ కాదు. రాత్రి ఎవరు మేలుకోవాలి అన్నదాని గురించి.

సత్యనారాయణపురం_మాస్టారు:
మా మనవరాలికి నేనే పాడతాను. ఆడవాళ్లే పాడాలని ఎక్కడన్నాను?

బ్రాడీపేట_అక్క:
"ఈ కాలం అమ్మలు" అన్నారు. నాన్నల మాట ఎత్తలేదు.

కృష్ణలంక:
అక్క చెప్పింది నిజం.

పటమట_అమ్మ:
అక్కా, మా ఇంట్లోనూ అదే జరుగుతోంది. వీణ పెట్టి నేను పడుకుంటున్నానని అత్తయ్య కష్టపెట్టుకుంటున్నారు. నిన్న మా ఆయన పాపని భుజాన వేసుకుని హాల్లో తిప్పుతుంటే "వాడికి పొద్దున్నే ఆఫీసుంది, నువ్వు తీసుకో" అన్నారు. వచ్చే నెల నుంచి నాకూ ఆఫీసుంది. ఫోన్ అయితే బీరువా మీదకి మార్చాం. మాస్టారూ, ఆలాపన వరకే ఉన్నది ఏం వెతకాలి?

సత్యనారాయణపురం_మాస్టారు:
'నీలాంబరి ఆలాపన, వీణ' అని వెతకండమ్మా. దొరక్కపోతే తంబురా శ్రుతి ఒక్కటి పెట్టినా చాలు. కానీ పాట మాత్రం మానొద్దు.

బ్రాడీపేట_అక్క:
బీరువా మీదున్నా సౌండ్ బాగా తగ్గించండి, పాప పడుకోగానే ఆపేయండి. అత్తయ్యగారికి ఆఫీసు మాట మీరు చెప్పొద్దు, మీ ఆయన చేత చెప్పించండి.