కన్వేయర్ మోటారు మాటిమాటికీ ట్రిప్ అవుతోంది, 2 హెచ్‌పీ వేయాలా?

ప్రశ్న: పది మీటర్ల బెల్ట్ కన్వేయర్ అండి. బెల్టు కింద రోలర్లు లేవు, ఇనుప రేకు మీద జారుతుంది. బెల్టు 50 కిలోలు, దాని మీద ఒకేసారి 300 కిలోల పెట్టెలు. వేగం సెకనుకు 0.3 మీటర్లు, డ్రమ్ము వ్యాసం 160 మిల్లీమీటర్లు. అర హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు, 40:1 వార్మ్ గేర్‌బాక్స్. ఖాళీగా చక్కగా తిరుగుతుంది, లోడు పడ్డ కొద్ది నిమిషాలకే ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అవుతోంది. 2 హెచ్‌పీ వేసేయమంటున్నారు. వేయమంటారా?

జవాబు: వద్దండి. లెక్క డ్రమ్ము దగ్గర మొదలుపెట్టండి, హెచ్‌పీ చివర్లో అదే తేలుతుంది. రేకు మీద జారే బెల్టుకి ఘర్షణ గుణకం 0.35 అనుకుందాం. 350 × 9.81 × 0.35 అంటే దాదాపు 1200 న్యూటన్ల లాగుడు. దాన్ని 0.3తో గుణిస్తే 360 వాట్లు. మీ అర హెచ్‌పీ 373 వాట్లు కాబట్టి సరిపోతుందనిపిస్తుంది, కానీ ఈ 40:1 నిష్పత్తిలో వార్మ్ గేర్ (మరలాంటి ఇరుసు పళ్ల చక్రాన్ని తిప్పే గేరు) సుమారు 30 శాతం వేడిగా పోగొడుతుంది. అంటే మోటారు 515 వాట్లు ఇవ్వాలి. మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేయడమే రిలే పని. ట్రిప్ అవ్వడం దాని తప్పు కాదు, దాని సెట్టింగ్ మాత్రం పెంచకండి, వైండింగ్ కాలిపోతుంది. 30 శాతం అదనంగా వేసుకుంటే 670 వాట్లు. 1 హెచ్‌పీ చాలు.

2 హెచ్‌పీతో అసలు భయం గేర్‌బాక్స్ గురించి. పెట్టె ఎక్కడైనా ఇరుక్కుంటే పెద్ద మోటారు ఆగదు, గేరు పళ్లు పోతాయి. డ్రమ్ము దగ్గర టార్క్ (తిప్పే బలం) అంటే లాగుడును డ్రమ్ము వ్యాసార్ధంతో గుణించడం: 1200 × 0.08, అంటే 96 న్యూటన్ మీటర్లు. 1 హెచ్‌పీకి మారినా గేర్‌బాక్స్ టార్క్ రేటింగ్ కనీసం 125 న్యూటన్ మీటర్లు ఉందో లేదో ప్లేటు మీద చూడండి.

మరొకరు: కొనేముందు లోడుతో క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలిచేది) పెట్టి మూడు ఫేజుల కరెంటు చూడండి. ఒక ఫేజు బలహీనంగా ఉన్నా, చివరి డ్రమ్ము బేరింగు పట్టేసినా ఇవే లక్షణాలు.

ప్రశ్న: వచ్చే నెల దీన్నే 15 డిగ్రీల వాలులో పెడదామనుకుంటున్నాం. అప్పుడూ 1 హెచ్‌పీయేనా?

జవాబు: చాలదు. పెట్టెలను పైకెక్కించడానికే ఇంకో 760 న్యూటన్లు కావాలి. ఇదే లెక్కలో 1.5 హెచ్‌పీ వస్తుంది, గేర్‌బాక్సూ పెద్దదవ్వాలి. బ్రేకు ఉన్న మోటారే తీసుకోండి. వార్మ్ గేరు వెనక్కి తిరగదంటారు గానీ, నడిచి అరిగిన గేరును కరెంటు పోయినప్పుడు నమ్మలేం. కింద మనుషులుంటారు.