రాత్రిపూట ఊరి మీద తిరిగే పోలీసు విమానం ఎవరిని చూస్తోంది?

నింగిచూపు (చర్చ ప్రారంభం)

నేరుగా విషయానికి వస్తాను. పోలీసుల విమానం గానీ హెలికాప్టర్ గానీ రాత్రిపూట నగరం మీద ఎగరడాన్ని నేను పూర్తిగా వ్యతిరేకించడం లేదు. ఎవరో ఫోన్ చేస్తే బయల్దేరి, ఆ చోటికి వెళ్లి, పని కాగానే తిరిగొచ్చే విమానం వేరు. ఏ ఫిర్యాదూ లేకుండా గంటల తరబడి చక్కర్లు కొడుతూ, కింద కనబడిందంతా రికార్డు చేసి దాచుకునే విమానం వేరు. ఈ రెండోదాన్ని కోర్టు వారంట్ లేకుండా ఎగరనివ్వకూడదని నా వాదన.

ఇదేదో ఊహించుకుని భయపడటం కాదు. 2015 ఏప్రిల్‌లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పోలీసు కస్టడీలో గాయపడిన ఫ్రెడ్డీ గ్రే అనే యువకుడు చనిపోయాక పెద్దఎత్తున నిరసనలు జరిగాయి. ఆ రాత్రుల్లో చిన్న విమానాలు ఊరి మీద గుండ్రంగా తిరగడం కొందరు గమనించారు. విమానాల దారులు చూపించే వెబ్‌సైట్లలో ఆ గుండ్రాలు స్పష్టంగా కనబడ్డాయి. అవి ఎఫ్‌బీఐ విమానాలని, స్థానిక పోలీసులు అడిగితేనే పంపారని తర్వాత తేలింది. మరుసటి ఏడాది ఎఫ్‌బీఐ 18 గంటలకు పైగా నిడివి ఉన్న వీడియోలు బయటపెట్టింది. 2015 జూన్‌లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ మరో సంగతి రాసింది: ఎఫ్‌బీఐ కనీసం 50 విమానాలను 13 బోగస్ కంపెనీల పేర్ల మీద నడుపుతోందని, ఒక్క నెలలోనే 30కి పైగా నగరాల మీద అవి ఎగిరాయని.

నిరసనకు వెళ్లడం నేరం కాదు. వెళ్లినవాళ్లను పైనుంచి చిత్రీకరించడానికి కారణం చెప్పాల్సిన బాధ్యత మాత్రం ఎవరికీ లేకపోయింది. నా బాధ అక్కడే.

గస్తీ

నింగిచూపు గారూ, మీరు ఒకవైపే చెప్పారండీ. రాత్రిపూట నేలమీద ఉన్న పోలీసుకు ఏం కనబడుతుందో కూడా ఆలోచించండి. పారిపోతున్న కారు వెనక మూడు పోలీసు కార్లు పరిగెడితే, ఆ దారిలో ఉన్న అమాయకుల ప్రాణాలు పోతాయి. పైన హెలికాప్టర్ ఉంటే కింద కార్లు వేగం తగ్గించుకోవచ్చు, అతను ఎక్కడ ఆగితే అక్కడ పట్టుకోవచ్చు. ఇల్లు దాటి వెళ్లిపోయిన మతిమరుపు పెద్దాయనను చీకట్లో వెతకడానికి ఇంతకంటే మంచి సాధనం ఏముంది?

2013 ఏప్రిల్ 19 గుర్తుచేసుకోండి. బోస్టన్ మారథాన్ పేలుళ్ల నిందితుడు వాటర్‌టౌన్‌లో ఒక ఇంటి పెరట్లో, కప్పి ఉంచిన పడవలో దాక్కున్నాడు. ఇంటి యజమాని చూసి పోలీసులకు చెప్పాడు. అతను లోపల ఉన్నాడని, కదులుతున్నాడని పైనుంచి చూసి చెప్పింది హెలికాప్టర్‌లోని థర్మల్ కెమెరాయే. ఆ సమాచారం లేకుండా పోలీసులు ఆ పడవ దగ్గరికి వెళ్లి ఉంటే?

లోహవిహంగం

నేను ఏ పక్షమూ కాదు, కెమెరా సంగతి మాత్రం చెప్తాను. చాలామంది అనుకునేట్టు థర్మల్ కెమెరా గోడల్లోంచి చూడలేదు. మామూలు కిటికీ అద్దంలోంచి కూడా చూడలేదు, అది పట్టుకునే పరారుణ కిరణాలను ఆ అద్దం ఆపేస్తుంది. ఉపరితలాల వేడిలో ఉన్న తేడానే అది చూపిస్తుంది. చల్లబడ్డ నేల మీద నడిచే మనిషి, అప్పుడే ఇంజన్ ఆపిన కారు బానెట్, ఇవి కొట్టొచ్చినట్టు కనబడతాయి. అందుకే దీనికి రాత్రే అనుకూలం. ముఖం గుర్తుపట్టడం కష్టం. అయితే ఏ గుమ్మంలోంచి వచ్చాడో, ఏ గుమ్మంలోకి వెళ్లాడో తెలిశాక ముఖంతో పెద్దగా పని ఉండదు.

వెబ్‌సైట్లలో గుండ్రాలు కనబడతాయన్నది నిజమే. రెక్కల విమానం గాల్లో ఒకచోట నిలబడలేదు కాబట్టి, కెమెరా ఒకే చోటును చూడాలంటే చుట్టూ తిరగాల్సిందే. అమెరికాలో 2020 జనవరి 1 నుంచి రద్దీ గగనతలంలో ఎగిరే విమానాలు తామెక్కడున్నాయో ప్రసారం చేసే ఏడీఎస్-బీ పరికరం వాడటం తప్పనిసరి. కానీ సున్నితమైన ప్రభుత్వ పనుల్లో ఉన్నప్పుడు దాన్ని ఆపుకోవచ్చని 2019లోనే మినహాయింపు ఇచ్చారు. కాబట్టి వెబ్‌సైట్ చూస్తే అన్నీ తెలిసిపోతాయన్న భరోసా పెట్టుకోవద్దు.

నింగిచూపు

గస్తీ గారూ, వాటర్‌టౌన్ ఉదాహరణ నా వాదనకే బలం. అక్కడ ఒక ఫోన్ కాల్ ఉంది, ఒక పడవ ఉంది, ఒక మనిషి ఉన్నాడు. అతను దొరికాడు, పని ముగిసింది. అలాంటి హెలికాప్టర్‌ను ఆపమని నేను ఎక్కడా అనలేదు.

చట్టం ఇక్కడిదాకా ఎలా వచ్చిందో చూడండి. 1986లో సిరాలో కేసులో, 1989లో రైలీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు పోలీసుల వైపే తీర్పు చెప్పింది. రెండింట్లోనూ పోలీసులు వారంట్ లేకుండా ఒకరి పెరట్లోకి పైనుంచి చూశారు. మొదటిదాంట్లో వెయ్యి అడుగుల ఎత్తులో విమానం, రెండోదాంట్లో 400 అడుగుల ఎత్తులో హెలికాప్టర్. ఆ ఎత్తులో ఎవరైనా ఎగరవచ్చు, ఎగిరేవాళ్లు మామూలు కళ్లతో చూడగలిగినదాన్ని పోలీసులు చూస్తే తప్పేంటి అన్నది ఆ తీర్పుల సారం. మరి రాత్రిపూట థర్మల్ కెమెరా చూసేది మామూలు కళ్లకు కనబడేదా? 2001లో కైలో కేసులో అదే కోర్టు, అలాంటి పరికరంతో వారంట్ లేకుండా ఇంటి వేడిని కొలవడం చెల్లదంది. ఇంట్లోవాళ్లు రాత్రి ఏ వేళకు స్నానం చేస్తారో కూడా దాంతో పసిగట్టవచ్చని తీర్పులోనే రాశారు.

ఇక బాల్టిమోర్‌లో 2020లో జరిగింది అన్నిటికంటే ముఖ్యం. అంతకుముందు 2016లోనే ఒక ప్రైవేటు కంపెనీ విమానం ఆ ఊరిని నెలల తరబడి చిత్రీకరించింది. నగర మండలికి కూడా ఆ సంగతి చెప్పలేదు, ఖర్చు ప్రైవేటు దాతలు పెట్టుకున్నారు. 2020లో అదే పనిని బహిరంగంగా ఆరు నెలలు చేశారు. సెకనుకో ఫోటో, ఊళ్లో దాదాపు 90 శాతం, ఫోటోలను 45 రోజులు ఉంచుకోవడం. అందులో మనిషి ఒక చుక్కలా మాత్రమే కనబడతాడు. కోర్టులో నగరం తరఫు వాదన ఏంటో తెలుసా? మేం పగలే ఎగురుతాం, రాత్రి ఎగరం, కాబట్టి ఒకే మనిషిని ఒక రోజు నుంచి ఇంకో రోజుకు వెంటాడలేం అని. 2021 జూన్‌లో ఫెడరల్ అప్పీల్ కోర్టు 8–7 తేడాతో దాన్ని ఒప్పుకోలేదు. మనుషులు రోజూ ఇంటి నుంచే బయల్దేరి ఇంటికే చేరతారు, కాబట్టి మధ్యలో తెగిన దారిని మళ్లీ కలుపుకోవచ్చంది.

అంటే రాత్రి ఎగరకపోవడమే తమకు రక్షణ అని ఆ కార్యక్రమాన్ని సమర్థించినవాళ్లే చెప్పుకున్నారు. రాత్రి కూడా ఎగిరితే ఆ కాస్త ఖాళీ కూడా ఉండదు. ఎవరు ఎవరింట్లో పడుకున్నారు, ఎవరు తెల్లవారుజామున ఆసుపత్రికి పరిగెత్తారు, ఎవరు రహస్యంగా విలేకరిని కలిశారు, ఇవన్నీ చీకటి పడ్డాక జరిగేవే కదా.

ఏటిగట్టు

నిద్ర సంగతి, డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. లాస్ ఏంజెలెస్ పోలీసులకు 17 హెలికాప్టర్లున్నాయి. 2023 డిసెంబర్‌లో ఆ నగర ఖర్చుల లెక్కలు చూసే అధికారి (కంట్రోలర్) ఇచ్చిన ఆడిట్ ప్రకారం వాటి మీద ఏడాదికి దాదాపు 4.7 కోట్ల డాలర్లు ఖర్చవుతోంది. ఎగిరిన సమయంలో సుమారు 61 శాతం పెద్ద తీవ్రత లేని పనులకే పోయింది. ఆ చప్పుడు ఎక్కువగా ఏ వాడల మీద పడుతుందో అక్కడ పిల్లల్ని నిద్రపుచ్చేవాళ్లను అడగాలి.

గస్తీ

ఏటిగట్టు గారి లెక్క చూస్తే హెలికాప్టర్లను సరిగ్గా వాడటం లేదని అర్థమవుతుంది, అవి వద్దని కాదు. నింగిచూపు గారూ, మీ వాదనలో నాకు నచ్చనిది వారంట్. హత్య జరిగిన తర్వాత ఎవరు ఎటు పారిపోయారో వెనక్కి తిప్పి చూడగలగడమే ఆ రికార్డు వల్ల లాభం. హత్య జరుగుతుందని ముందే తెలిసి వారంట్ ఎవరు తెచ్చుకుంటారండీ? చనిపోయినవాడి తల్లి కూడా మనిషే. ఆమెకు మీరేం చెప్తారు?

నింగిచూపు

ఆ ప్రశ్న నన్ను నిజంగా ఇబ్బంది పెడుతుంది, తప్పించుకోను. ఆమె బాధ ముందు నా దగ్గర సమాధానం లేదు. కానీ ఆ ఒక్క దారి దొరకడానికి లక్షలమంది దారులను ముందే దాచి ఉంచాలంటున్నారు. ఆ లక్షలమందిలో భర్త కొట్టే దెబ్బల నుంచి రాత్రికి రాత్రి పారిపోయిన ఆవిడ కూడా ఉంటుంది. ఆ భర్త పోలీసు శాఖలోనే పనిచేస్తుంటే? ఆ ఫోటోలు ఎవరెవరు తెరిచి చూశారో నమోదు చేసే పద్ధతి ఉందా? ముందు అది చూపించమనండి.

నేను అడిగేది ఎక్కువేం కాదు. కాల్ వస్తే వెళ్లండి, వారంట్ అక్కర్లేదు. వెళ్లిన ప్రతిసారీ ఎందుకు, ఎక్కడికి, ఎంతసేపు, ఏ కెమెరాతో అన్నది తర్వాతైనా బయటపెట్టండి. ఆ కేసుకు సంబంధం లేని వీడియోను చెరిపేయండి. బోగస్ కంపెనీల పేర్లు వద్దు. నిరసనల మీద ఎగరాలంటే జడ్జి దగ్గరికి వెళ్లండి.

గస్తీ

వివరాలు బయటపెట్టడం, బోగస్ పేర్లు వద్దనడం, ఎవరు చూశారో నమోదు చేయడం, ఈ మూడింటికీ ఒప్పుకుంటాను. వీడియో వెంటనే చెరిపేయడానికి ఒప్పుకోను. కనీసం కొన్ని రోజులు ఉండాలి, తెరవాలంటే అప్పుడు జడ్జి సంతకం అడగండి. ఇక నిరసనల మీద కూడా మంటలు, కాల్పులు మొదలైతే జడ్జి కోసం ఆగడం కుదరదు. ఆ గీత ఎక్కడ గీయాలో మీరే చెప్పండి, దాని మీద మాట్లాడదాం.